తువ్వాలు కుండీ

నేను ఒక కుండీని. మట్టి కుండీని కాదు, నర్సరీల్లో వరసగా పేర్చి అమ్మే అచ్చు కుండీని కూడా కాదు. ఒకప్పుడు నేను తువ్వాలుని. చిక్కటి సిమెంటు నీళ్ళలో మునిగి, బోర్లించిన బకెట్టు మీద ఆరి, గట్టిపడి కుండీనయ్యాను. అందుకే నా అంచు గుండ్రంగా ఉండదు, మడతలు మడతలుగా ఉంటుంది. చూసినవాళ్ళు ముచ్చటపడి దగ్గరికొస్తారు. తాకగానే చెయ్యి వెనక్కి తీసుకుంటారు. మెత్తగా ఉంటుందనుకున్నది రాయిలా తగిలితే మనుషులకు ఎందుకో నచ్చదు.

ఏ మిల్లులో పుట్టానో గుర్తు లేదు. ఆకుపచ్చ టర్కీ తువ్వాలుని, అంచున రెండు ఎర్ర గీతలు. నాకు తెలిసిన మొదటి సంగతి విశాఖపట్నం పూర్ణా మార్కెట్టులో ఒక దుకాణం తాడు మీద వేలాడటం. నూకరత్నం అనే ఆవిడ నన్ను లాగి చెంపకి ఆనించుకుని, "ఇది నీరు బాగా పీలుస్తాది" అంది. పక్కన ఆవిడ భర్త అప్పలసూరి రైలు టైమైపోతోందని గొణుగుతున్నాడు. నన్ను ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మాట కోసం నేను తర్వాత చాలా నీరు పీల్చాను.

వాళ్ళుండేది కొండ మీద. విశాఖ నుంచి రైలు సొరంగాల్లో దూరుతూ తేలుతూ పైకెళ్ళాక ఒక చిన్న స్టేషను వస్తుంది. అక్కడ రైల్వే క్వార్టర్లు. అప్పలసూరి సిగ్నళ్ళు బాగుచేసే ఉద్యోగి. పగలల్లా ఎర్రదీపం, పచ్చదీపం చూసేవాడేగానీ, ఇంటికొచ్చాక ఎదుట మనిషి మొహంలో ఏ దీపం వెలుగుతోందో కనిపెట్టేవాడు కాదు. చెడ్డవాడు మాత్రం కాదు. ఇంటి ముందు మెట్లకీ కంచెకీ మధ్య నాలుగు చాపలు పరిచేంత జాగా ఉండేది. అదే రత్నం తోట.

ఒక పూల ప్రదర్శనలో ఆవిడ ఆ మొక్క కొంది. అమ్మేవాడు దాని పేరు హైడ్రాంజియా అనీ, ఇది పొట్టి రకమనీ, మోకాలెత్తు దాటకుండా గుబురుగా పెరిగి గుత్తులు గుత్తులుగా పూస్తుందనీ, చిన్న జాగాకి ఇంతకంటే మంచిది లేదనీ చెప్పాడు. రత్నానికి ఆ పేరులో మొదటి సగమే చెవిన పడింది. మిగతాది తనే పూర్తి చేసుకుంది. ఇంటికొచ్చి అందరికీ "హైదరాబాదు పువ్వు" అని చూపించింది. క్వార్టర్లన్నిటికీ అదే పేరు ఖాయమైంది. హైదరాబాదు ఎండకి అది ఎన్నాళ్ళు బతుకుతుందని ఎవరూ అడగలేదు.

పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నానికి గోడ నీడ పడే చోట దాన్ని నాటింది. దానికి నీళ్ళ పిచ్చి. కాస్త ఆలస్యమైతే ఆకులన్నీ వేలాడేసి అలిగినట్టు నిలబడేది, చెంబుడు నీళ్ళు పోస్తే కాసేపట్లో ఏమీ జరగనట్టు లేచేది. "నాటకాలమారిదానా" అని రత్నం తిట్టేది. తలంటుకున్న రోజు నన్ను తలకి చుట్టుకుని, పొగమంచులో మెట్ల మీద కూర్చుని దాంతో కబుర్లు చెప్పేది. వేసవి చివర ఆ కొండ ఎర్రమట్టిలో అది నీలంగా పూసింది. ఒక్కో గుత్తి కూతురు వేణి రెండు చేతుల్లోనూ పట్టేది కాదు. నేను రత్నం జుట్టులోంచి కుంకుడుకాయ వాసన పీలుస్తూ, ఆవిడ మాటలన్నీ వింటూ ఉండేదాన్ని. ఆ రోజులంత బాగా మళ్ళీ ఎప్పుడూ బతకలేదు.

ఒక వానాకాలం రత్నానికి చలిజ్వరం వచ్చింది. వణికిపోతుంటే అప్పలసూరి నన్ను కప్పి కిందికి వెళ్ళే రైలెక్కించాడు. సొరంగంలో ప్రతిసారీ చీకటి పడ్డప్పుడు ఆవిడ నా అంచు గుప్పిట్లో బిగించేది, వెలుతురు రాగానే వదిలేది. చివరి సొరంగం దాటాక వదల్లేదు. వేళ్ళు విప్పి నన్ను తీసింది అప్పలసూరే. తిరుగు ప్రయాణంలో సంచిలో ఒంటరిగా వచ్చాను. ఆవిడ బట్టలన్నీ ఎవరెవరికో ఇచ్చేశారు. నేనున్న సంచి మాత్రం గోడ మేకుకి తగిలించినచోటే మరుగునపడింది. అప్పలసూరి మరిచిపోయాడో, మరిచిపోయినట్టు ఉన్నాడో తెలీదు.

ఏడాది మైల గడిచాక ఆ ఇంటికి వరహాలు వచ్చింది. సముద్రం వైపు మల్లెతోటలున్న ఊరు ఆమెది. అమ్మానాన్నా లేరు. అన్నావదినల దగ్గర పెరుగుతూ, వాళ్ళ పిల్లల్ని పెంచుతూ, తన పెళ్ళి సంగతి తనే అడగలేక ముప్పై దాటించింది. అప్పలసూరి సంబంధం రాగానే వదిన ఆమె ఉండే గదిలో ధాన్యం బస్తాలు వేయించేసింది. అంటే వరహాలుకి వెనక్కి వెళ్ళడానికి మంచం వేసుకునే చోటు కూడా మిగల్లేదు. ఈ రెండు గదుల ఇంట్లో నిలబడితేనే బతుకు. ఆ సంగతి ఆమెకి మెట్లెక్కినరోజే తెలుసు.

వాళ్ళవైపు ఒక ఆనవాయితీ ఉంది. భార్య పోయినవాణ్ణి చేసుకునే పిల్ల తన తాళితోపాటు, పోయినావిడ పేర ఒక చిన్న బిళ్ళ కూడా గుచ్చుకుంటుంది. సవతి బిళ్ళ అంటారు. పోయినావిడకి ఇచ్చే మర్యాద అది. ఇస్తే ఊరుకుంటుందనీ, ఇవ్వకపోతే వచ్చి అడుగుతుందనీ నమ్మకం. గుళ్ళో పెళ్ళి హడావిడిలో వరహాలు ఆ మాట ఎత్తితే అప్పలసూరి, "ఈ రోజుల్లో అవన్నీ ఏటి" అని కొట్టిపారేశాడు. అతనికి అది చిన్న విషయం. అతనేమీ మెడలో వేసుకోనక్కర్లేదు కదా.

వచ్చిన మొదటి చలికాలం వరహాలు ఇంటిముందు మొక్కని చూసింది. బోడి కొమ్మలు, చివర లావుపాటి మొగ్గలు, ఎండుటాకులు. మల్లెతోటలో పుట్టిన పిల్ల. పుష్యమాసంలో మల్లెపొదల్ని నిర్దయగా కత్తిరించి ఆకు దూస్తేనే వేసవిలో విరగబూస్తాయని చేతులతో నేర్చుకుంది. వేణి మనసు గెలుచుకోవాలంటే వాళ్ళమ్మ మొక్కని బాగా చూసుకోవడమే దారి అనుకుంది పాపం. కొడవలి తీసి ఆ మొక్కని జానెడు మోళ్ళు మిగిలేలా శుభ్రంగా నరికింది. ఈ హైదరాబాదు పువ్వు పోయినేటి కొమ్మ మీదే పూస్తుందనీ, దానికి కత్తిరింపు చెయ్యాలంటే పూలు వాడగానే చెయ్యాలనీ ఆమెకి ఎవరు చెబుతారు? బడి నుంచి వచ్చిన వేణి సంచి భుజం మీంచి దించకుండా అలాగే నిలబడింది.

"మాయమ్మ సెట్టుని మొండి సేసీసినావు," అంది.

తర్వాత ఆ పిల్ల చెల్లాచెదరుగా పడున్న కొమ్మల్లో కొన్ని ఏరుకుని వెళ్ళిపోయింది. ఆ వేసవి ఒక్క పువ్వూ రాలేదు. ఆకులు మాత్రం దట్టంగా వచ్చాయి. వేణి వరహాలుతో అన్నానికీ నీళ్ళకీ తప్ప మాట్లాడటం మానేసింది.

ఆ వానాకాలంలో క్వార్టర్ల ముందు కొత్త నీళ్ళ గొట్టాలు వెయ్యడానికి కందకం తవ్వారు. మొక్కలన్నీ తీసెయ్యమన్నారు. వరహాలుకి కంగారు పట్టుకుంది. ఈ మొక్క కూడా చస్తే తనకి ఈ ఇంట్లో మొహం చెల్లదు. ఫోనులో ఎవరో పాత తువ్వాలుతో కుండీ చెయ్యడం చూసింది. గొట్టాలవాళ్ళు వదిలేసిన సిమెంటు ఉంది. మందపాటి బట్ట కావాలి. మేకుకి తగిలించిన సంచిలో చెయ్యి పెట్టింది. చేతికి నేను తగిలాను.

సిమెంటు నీళ్ళలో ముంచినప్పుడు నా పోగుల్లోకి చలి దిగింది. నీరు బాగా పీలుస్తానన్న పేరుంది కదా, దాన్నీ పీల్చాను. బకెట్టు మీద వేసి వరహాలు నా మడతలు సర్దింది. ఎంత సర్దినా ఒక పక్కన మడత మాత్రం ఆమె చెప్పినట్టు వినలేదు. తలకి చుట్టిన తువ్వాలు ముడిలా పైకి తిరిగి, అలాగే ఆరిపోయింది. కావాలని చెయ్యలేదు. నాకు అలవాటైన ఆకారం అదొక్కటే.

సాయంత్రం అప్పలసూరి వచ్చి నన్ను చూశాడు. బూడిదరంగు కింద ఎర్ర గీత లీలగా కనబడుతోంది. వంగి ఆ గీత వెంట వేలు రాశాడు.

"అది రత్నం తువ్వాలు," అన్నాడు చివరికి.

వరహాలు చేతిలో తాపీ కింద పడింది. పగలగొట్టేస్తానంది, నదిలో కలిపేస్తానంది. "ఆరిపోనాది కదా. ఉండనీ," అని అతను లోపలికి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు. మగవాళ్ళు ఇంత పెద్ద విషయాన్ని ఇంత చిన్న మాటతో ఎలా సర్దేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నాలో మట్టి నింపి మొక్కని పెట్టారు. నన్ను మెట్ల పక్కన, ఒకప్పుడు రత్నం కూర్చునే చోటికి దగ్గరగా ఉంచారు. పొగమంచు కమ్మిన పొద్దున వాకిలి తలుపు తీస్తే, తలకి తువ్వాలు చుట్టుకున్న ఎవరో మెట్ల పక్కన ఒదిగి కూర్చున్నట్టు కనిపించేదాన్నట. వరహాలు రోజూ ఒక్క క్షణం గడపలోనే ఆగిపోయేది.

మరుసటి వేసవి మొక్క పూసింది. ఈసారి కొమ్మ జోలికి ఎవరూ వెళ్ళలేదు కాబట్టి నిండుగా పూసింది. కానీ నీలంగా కాదు, గులాబి రంగులో.

పక్కింటి బంగారమ్మ వచ్చి బుగ్గన వేలేసుకుంది. ఆవిడకి ఇతరుల ఇళ్ళలో దెయ్యాలంటే మహా ఆసక్తి. "ఆయమ్మ ఉన్నప్పుడు నీలంగానే పూసీవి ఎప్పుడూ. ఇప్పుడీ రంగేటి మరి? బిళ్ళ కట్టుకోనేదు, పైగా ఆయమ్మ తువ్వాలు సిమెంటులో ముంచినావు. నీ మీద ఏదో మనసులో పెట్టుకున్నాది," అంది. అని, కాఫీ తాగి వెళ్ళిపోయింది. వరహాలుకి మాత్రం ఆ మాట పోలేదు.

అప్పటినుంచి ఆమె నాతో మాట్లాడటం మొదలుపెట్టింది. వండగానే మొదటి గరిటెడు అన్నం ఆకులో పెట్టి నా ముందు ఉంచేది. వాన పడి నేను తడిస్తే కుంకుడుకాయ వాసన వస్తోందని వణికేది. సిమెంటులో ఇరుక్కున్న నా పోగుల్లో ఆ వాసన నిజంగా మిగిలిందో, ఆమె భయంలోంచి పుట్టిందో నేను చెప్పలేను. నాకూ అప్పుడప్పుడు వచ్చేది.

"అక్కా, నాకు తెల్దు. తెలిస్తే ముట్టుకుందునా?" అనేది. "నీ మొగుణ్ణి లాక్కోడానికి రానేదు. నాకు ఉండడానికి ఇల్లు నేదక్కా." మొదట్లో అన్నీ క్షమాపణలే. తర్వాత తర్వాత వేరే మాటలు కూడా వచ్చాయి. వేణి ఈ రోజు పెరుగన్నం సగం తినేసి లేచిందని, అతను ఉప్పు ఎక్కువైనా చెప్పడని, వదిన ఫోను ఎత్తడం లేదని. పిలుపులో భయం ఉండేది. అయినా పిలిచేది. ఆ పిలుపు నాలో ఎవరికి చేరుతోందో నాకు తెలీదు. ఎవరో వింటున్నారని మాత్రం నాకు అనిపించేది. నాలో వేళ్ళు కదిలినప్పుడల్లా సొరంగం చీకట్లో బిగిసిన ఆ గుప్పిట గుర్తొచ్చేది. అవి మొక్క వేళ్ళేనని నాకు నేను చెప్పుకునేదాన్ని.

వారాలు గడిచేకొద్దీ గులాబి రంగు ముదిరింది. వరహాలు తిండి తగ్గింది, నిద్ర తగ్గింది. ఒకరోజు అప్పలసూరి డ్యూటీకి వెళ్ళాక ఆమె రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. ఎక్కడికి వెళ్తుందో ఆమెకే తెలీదు. నా ముందు వంగి, "నీ ఇల్లు నువ్వు ఏలుకో అక్కా. నాను ఎల్లిపోతన్నాను," అంది. కంచె తలుపు వేసి మరీ స్టేషనుకి వెళ్ళింది.

తర్వాత జరిగింది నేను చూడలేదు. వాళ్ళు మెట్ల మీద కూర్చుని చెప్పుకుంటే విన్నాను. ఎక్కడో పట్టాల మీద బండరాయి పడి రైలు ఆలస్యమైంది. వరహాలు బల్ల మీద కూర్చుని ఉండగా, ఇంట్లో పిన్నీ ఆమె చీరల సంచీ లేకపోవడం చూసిన వేణి పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో హైదరాబాదు పువ్వు గుత్తి, నీలంగా.

"పిన్నీ, ఇది సూడు. ఆరోజు నువ్వు నరికి పారేసిన కొమ్మల్ని ఎనకాల కంచె కాడ గుచ్చినాను. రెండు బతికినాయి. నీకు సెప్పకూడదని సెప్పనేదు."

వరహాలు ఆ పువ్వుని తాకలేదట. ఇది కూడా ఏదో సైగ అనుకుంది.

"నువ్వు రోజూ ఆ కుండీ కాడ బయపడతంటే సూడనేక మా సైన్సు టీచర్ని అడిగినాను. పులుపు మట్టిలో నీలంగా పూస్తాదంట, సున్నం తగిల్తే గులాబి రంగు వస్తాదంట. సిమెంటులో సున్నం ఉంటాది కదా, ఆ కుండీ వల్లే. అమ్మకి కోపం నేదు పిన్నీ. రా, ఇంటికి పోదాం."

రైలు వచ్చింది. ఎవరూ ఎక్కలేదు. ఆ సాయంత్రం ఇద్దరూ కంచె తలుపు తోసుకుని వస్తుంటే పిల్ల చెయ్యి వరహాలు చేతిలో ఉంది. అది నేను చూశాను. నాకు సంతోషమే కలిగింది, దాచుకోవడం ఎందుకు?

కానీ ఆ సంతోషం ఖరీదు నేనే కట్టాను. కందకం ఎప్పుడో పూడ్చేశారు. మొక్కని నాలోంచి పెకిలించి నేలలో నాటారు. నన్ను దొడ్డివైపు, తుప్పుపట్టిన తీగలు, పగిలిన సిగ్నల్ అద్దాలు పడేసే చోట పారేశారు. బంగారమ్మ నాకు సున్నం దెయ్యమని పేరు పెట్టింది. అందరూ నవ్వుకున్నారు. వరహాలు కూడా నవ్వింది. గరిటెడన్నం ఆగిపోయింది. వరహాలు మల్లెలాగే ఈ మొక్క గుట్టూ పట్టేసింది. పూలు వాడగానే చివర్లు తుంచడం, ఎండాకాలం మొదట్లో ఎండుటాకు పరవడం, గుబురు జాగా దాటకుండా చూడటం. మెట్లకి అటూ ఇటూ మోకాలెత్తున పొదలు లేచాయి. అన్నీ నీలమే.

ఆ తుక్కులో పడి ఉండగా నాకు ఒక సంగతి తెలిసొచ్చింది. ఆ ఇంట్లో రత్నం పేరు వినపడటం మానేసింది. భయపడినన్నాళ్ళూ రోజుకి పదిసార్లు తలిచారు. ఫలానా కూర ఆవిడకి ఇష్టమనీ, ఫలానా మాట అంటే ఊరుకునేది కాదనీ. ఇప్పుడు భయం లేదు కాబట్టి ఆవిడతో పనీ లేదు. అప్పలసూరి ఎప్పుడూ మాట్లాడడు. వేణి శృంగవరపుకోటలో హాస్టల్లో చేరింది, సెలవులకి వచ్చినా స్నేహితుల కబుర్లే. ఇంతకాలం ఆవిడ ఆ ఇంట్లో నిలిచింది ఒక పొరపాటు ఆధారంగా. ఆ పొరపాటుని సైన్సు టీచరు దిద్దేసింది.

నా మీద నాచు పట్టింది. ఒక మధ్యాహ్నం సన్నగా జల్లు పడుతోంది. వరహాలు దొడ్లోకి వచ్చింది. చేతిలో పనేమీ లేదు. తీగల మధ్య నన్ను చూసి, కొంగు తల మీదికి లాక్కుని, అక్కడే గొంతుక్కూర్చుంది.

"అక్కా," అంది.

ఎన్నాళ్ళకో విన్నాను ఆ మాట.

"నువ్వు కాదంట కదా. సున్నవంట." నా అంచు మీది వాన నీళ్ళు అరచేత్తో తుడిచింది. "మరి నాను అన్నాళ్ళూ ఎవరితో మాటాడినట్టు? ఆయన వినడు. గుంట హాస్టలుకి ఎల్లిపోనాది. మా వదిన సచ్చినా ఫోనెత్తదు. నువ్వంటే బయమేసీది, నిజవే. కానీ నువ్వు వినీదానివి."

జవాబు చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్నా ఎవరి గొంతుతో చెప్పాలో తెలీదు. ఆమె నన్ను రెండు చేతులా ఎత్తుకుని, నాచు గీకి, మెట్ల పక్కకి మోసుకొచ్చింది. అప్పలసూరి చూసి, "మళ్ళీ అదేటి?" అన్నాడు. "కుండీ. మొక్కేసుకుంటాను," అంది. నీలంపొద నుంచి ఒక కొమ్మ తీసి నాలో గుచ్చింది. అన్ని పొదల మధ్యా ఆ ఒక్కటీ గులాబి రంగులో పూసింది. వచ్చినవాళ్ళకి సున్నం సంగతి వివరంగా చెప్పి నవ్వేది. వాళ్ళు వెళ్ళాక నా పక్కన కూర్చుని, మిగిలిన మాటలు నాకు చెప్పేది.

కానీ సిమెంటులో సున్నం ఎంతకాలం ఉంటుంది? కొండ వానలు ఏటేటా కడిగేశాయి. పోయినేడు గుత్తి వెలిసినట్టు వచ్చింది. ఈ ఏడు విచ్చిన మొదటి గుత్తిలో గులాబి అంచుకే మిగిలింది. నడిమధ్యంతా నీలం. నా మడతలు కూడా అక్కడక్కడా రాలుతున్నాయి, లోపలి నూలు బయటపడుతోంది. నాలోంచి ఏదో వెళ్ళిపోతోందని నాకు తెలుస్తూనే ఉంది.

నిన్న పొద్దున వరహాలు ఆ గుత్తిని చూసింది. చాలాసేపు చూసింది. నీలం రావడం అంటే అంతా సవ్యంగా ఉందని అర్థం. ఆమె ఒకప్పుడు దేవుడికి మొక్కుకున్నది ఆ నీలం కోసమే. లోపలికి వెళ్ళి, గోడలకి వెల్ల వెయ్యగా మిగిలిన సున్నపు గడ్డ ఒకటి చెంబు నీళ్ళలో నానేసింది. తేరేదాకా ఆగింది. అప్పలసూరి డ్యూటీకి వెళ్ళాడా, బంగారమ్మ కిటికీ మూసి ఉందా అని అటూ ఇటూ చూసుకుంది. అప్పుడొచ్చి నా పక్కన కూర్చుని, ఆ నీళ్ళని మొక్క మొదలు చుట్టూ కొంచెం కొంచెంగా పోసింది. చెంబు ఖాళీ అయ్యాక, తలముడిలా తిరిగిన నా మడత మీద చెయ్యి వేసి ఉంచింది.

"ఇంకొన్నాళ్ళు ఉండక్కా," అంది.